పత్తి గది పాటలు

నా మొదటి ఆల్బం మా ఇంటి మధ్య గదిలో, పత్తి కుప్ప మీద కూర్చుని పాడాను. ఈ మాట చెబితే విన్నవాళ్లు నవ్వుతారు. ముచ్చటకి అలా అంటున్నానని అనుకుంటారు. ముచ్చటేం కాదు, వేరే దారి లేక చేసిన పని. చీమకుర్తి గ్రానైటు లారీలు మా గోడ పక్క నుంచే పోతాయి. వంటింట్లో పాడితే లారీలు, పెరట్లో పాడితే కోళ్లు, బాత్‌రూమ్‌లో పాడితే నా గొంతే గోడలకి కొట్టుకుని నా మీదికి తిరిగొచ్చేది. ఆ ఏడు మా తమ్ముడు కౌలు చేలో తీసిన పత్తిని, ధర వచ్చేదాకా అమ్మేది లేదని పంతం పట్టి, మధ్య గదిలో కిటికీ మూసుకుపోయేంత ఎత్తున పోశాడు. అందులో పిల్లి ఈనిందేమోనన్న అనుమానంతో ఒక రోజు లోపలికి వెళ్లి దాన్ని పిలిచాను. నా పిలుపు నా నోటి దగ్గరే ఆగిపోయింది. గోడల దాకా పోనేలేదు. బయట లారీ పోతుంటే ఎక్కడో పక్క ఊళ్లో పోతున్నట్టు వినపడింది. పిల్లి సంగతి మర్చిపోయి, అక్కడే కూర్చుని ఒక పాట మొత్తం పాడేశాను.

నేను పొదిలిలో ఒక ప్రైవేటు బళ్లో చిన్న పిల్లలకి తెలుగు చెబుతాను. పెళ్లయి ఒంగోలు వెళ్లి, అక్కడ కుదరక, ఒక సూట్‌కేసుతో తిరిగొచ్చాను. నాన్న అప్పటికే లేడు. ఇంట్లో అమ్మ, తమ్ముడు, నేను. పాటలు రాయడం ఆ తిరిగొచ్చిన బస్సులోనే మొదలైంది. మొదటి పాట కూడా ఆ బస్సు గురించే. తర్వాత పొద్దున్నే ఆటోలో ఇరుక్కుని మిరపకోతకి పోయే ఆడవాళ్ల మీద ఒకటి, ఎండలో తెల్లబడిన మిరప తాలుకాయల్ని ఏరుతూ కల్లంలో కూర్చునే ముసలమ్మల మీద ఒకటి, నాన్న సైకిలు మీద ఒకటి, ఇలా పోగయ్యాయి. ఒంగోల్లో ఎవరో వాడి అమ్మేసిన గిటారు కొనుక్కున్నాను. తీగల మీద వేళ్లు పెట్టే పట్లు నాకు వచ్చినవి తక్కువ. అందుకని పాటలు కూడా నోరు మూసుకుని ఆ కాస్త చోటులోనే సర్దుకున్నాయి.

ఇదంతా ఊరు వినాలని చేయలేదు. ఊరు నా గురించి వినాల్సింది, అనాల్సింది అప్పటికే అయిపోయింది. అమ్మ వినాలని చేశాను. ఒక్కసారి అమ్మ నా ఎదురుగా కూర్చుని, నా మాటలతో నేను కట్టిన పాట వినాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. కానీ జరగనిది కూడా అదొక్కటే. ఎందుకంటే నా గొంతు నాది కాదు. నాకు నాలుగేళ్లప్పుడే అమ్మ దాన్ని దేవుడికి ఇచ్చేసింది.

అప్పుడు నాకు గొంతు వాచిపోయి ఊపిరి ఆడలేదట. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను లోపలికి తీసుకెళ్లాక అమ్మ వరండాలో గోడకి తల ఆనించుకుని మొక్కుకుంది. ఈ గొంతు నిలిస్తే, ఇది బతికినన్నాళ్లూ నీ పాట తప్ప ఇంకో పాట పాడదు అని. గొంతు నిలిచింది. ఇక అప్పటి నుంచి ఏటా అమ్మ చర్చిలో సాక్ష్యానికి లేచేది. మా చర్చిలో సాక్ష్యమంటే, దేవుడు తమకి చేసిన మేలుని అందరి ముందూ నిలబడి చెప్పుకోవడం. తప్పిపోయిన గేదె దొరికిందని ఒకరు చెబుతారు, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఒకరు చెబుతారు. అమ్మకి ఉన్న సాక్ష్యమల్లా నా గొంతే. నన్ను పక్కన నిలబెట్టుకుని, గడ్డం పట్టి తల పైకెత్తి, "ఇదిగోనండీ, ఈ గొంతే" అని చూపించేది. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూపించినట్టు ఉండేది నాకు. అది కాగానే నేను ఒక పాట పాడాలి. పదో తరగతి దాకా భరించాను. ఆ తర్వాత కూడా భరించాను గానీ, మొహం మాడ్చుకుని భరించాను.

అమ్మ కూడా పాడేది. ఆవిడ పాడుతుంటే పక్కవాళ్లు పాడుతున్నారా లేదా అన్నది ఎవరికీ తెలిసేది కాదు. చదువు అంతంత మాత్రమే, పాటలన్నీ నోటికి వచ్చు, అయినా పాటల పుస్తకం చేతిలో లేకుండా చర్చికి వెళ్లేది కాదు. పల్లవి ఎత్తుకునే ముందు పెద్దగా ఊపిరి లాగేది. అది మూడు బెంచీల వెనక్కి వినపడేది. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ ఆ ఊపిరి కోసం కాచుకుని కూర్చుని, అది రాగానే ఒకరినొకరు గిల్లుకునేవాళ్లం. దాని వెనకే అమ్మ గొంతు వచ్చేది, చర్చిలో మిగతా గొంతులన్నిటినీ పక్కకి నెట్టుకుంటూ. చేలో కూడా అంతే. మిరపకోతలో ఎవరు ఏ పాట మొదలుపెట్టినా, రెండోసారి పల్లవి వచ్చేసరికి అమ్మ ఊపిరి లాగి అందుకునేది. ఒకసారి విన్న పాటకి రెండోసారి కలవకుండా ఉండడం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

ఆల్బం సంగతి అమ్మకి నేనే చెప్పాను. దాచుకుని చేసే వయసు దాటిపోయింది. అమ్మ అప్పుడు వాకిట్లో చేట పట్టుకుని కందులు చెరుగుతోంది.

"లోకం పాటలా?" అంది తల ఎత్తకుండా.

"నా పాటలమ్మా."

"నీయి ఎట్టా అయితయ్యే? ఆ గొంతు ఎవరిదో నీకు తెలవదా?"

"ఇచ్చింది నువ్వు. నన్ను అడిగావా ఇచ్చేటప్పుడు?"

"నాలుగేళ్ల పిల్లని, నీలుక్కుపోయినదాన్ని, ఏం అడగమంటావే?" అంది. చేట పక్కన పెట్టింది. "మాట తప్పితే ఆ గొంతు మళ్లీ ఏమవుద్దో అని నాకు భయం. నీకు లేకపోతే లేదులే. నాకుంది."

నాకు కోపం వచ్చింది. పెళ్లి చేసేటప్పుడూ అడగలేదు, అప్పుడూ అడగలేదు, నన్ను అడిగి చేసింది ఈ ఇంట్లో ఏముందని అరిచాను. అమ్మ చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. కందులు చెరుగుతూనే ఉంది. అమ్మ భయం ఉత్తుత్తిది కాదని నాకు తెలుసు. నాకు జలుబు చేసి గొంతు కాస్త బొంగురుపోయినా ఆవిడ అన్నం మానేసి ప్రార్థనకి కూర్చునేది. ఆ భయం ముందు నా వాదన ఏం నిలబడుతుంది. అందుకని ఇక ఆ మాట ఎత్తలేదు. గిటారు తీసుకుని పత్తి గదిలోకి పోయాను.

తమ్ముడు మాత్రం ఒకటే మాట అన్నాడు. "అక్కా, నువ్వు ఏమన్నా పాడుకో. కరెంటు వైరు మాత్రం లోపలికి తీసుకుపోబాక. ఒక్క నిప్పురవ్వ పడిందంటే నేనూ పోతా, నా పత్తీ పోద్ది, నీ పాటా పోద్ది." కాబట్టి ఫోను బయట చార్జింగు పెట్టి, నిండాక లోపలికి తీసుకెళ్లి, అది అయిపోయేలోపల పాడినంత పాడేదాన్ని. చిన్న మైకు ఒకటి తెప్పించుకుని, నాన్న చేతికర్రకి కట్టి, ఆ కర్రని పత్తిలో గుచ్చాను. పత్తి మీద కూర్చుంటే మెల్లగా కిందికి దిగిపోతాం. పాట మొదలుపెట్టినప్పుడు మైకు నా నోటికి ఎదురుగా ఉండేది, చివరి చరణానికి నుదుటికి ఎదురుగా ఉండేది. నూగు ముక్కుల్లో దూరేది. చెమట పట్టిన మెడకి అంటుకుని దురద పెట్టేది. మంచి చరణం మధ్యలో తుమ్ము వచ్చేది. బడి నుంచి రాగానే అందులో దూరి, బయటికి వచ్చేసరికి జుట్టంతా తెల్లగా ఉండేది. తమ్ముడు చూసి, "వచ్చింది మా నాయనమ్మ" అనేవాడు.

గుమ్మం బయటే కూర్చుని చీర కుట్టుకుంటున్న అమ్మకి లోపలి పాట ఒక్క ముక్క వినపడేది కాదు. పత్తి ఎంత ఉపకారం చేసిందో అంత అన్యాయం చేసింది. పాట పాడి బయటికి వస్తే అమ్మ నా మొహంలోకి చూసేది, తర్వాత నా మెడ వైపు చూసేది. "గొంతు నొప్పిగా ఏం లేదుగా?" అని అడిగేది. లేదనేదాన్ని. అంతే మా మధ్య ఆ ఆల్బం గురించిన మాట.

కోత పండుగ నాడు మా వీధి ఖాళీ అయిపోతుంది. పండిన దాంట్లో మొదటి భాగం చర్చికి తీసుకెళ్లి ఇచ్చే పండుగ అది. గుమ్మడికాయ, కోడిపుంజు, బుట్టెడు మిరపకాయలు, ఒడినిండా పత్తి, ఎవరికి ఉన్నది వాళ్లు తెస్తారు. పాస్టరు గారి బల్ల ముందు పెట్టి ప్రార్థన చేశాక వాటిని వేలం వేస్తారు. వేలంలో పాడి కొనుక్కోవడం కూడా ఒక భక్తే. తన కోడిని తానే రెట్టింపుకి పాడుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఆ రోజు మనుషులు, పిల్లలు, ఆఖరికి కోళ్లు కూడా వీధిలో ఉండవు. రికార్డింగుకి అంత మంచి రోజు మళ్లీ దొరకదని నేను తలనొప్పి వంక పెట్టి ఇంట్లో ఉండిపోయాను. అమ్మ నమ్మలేదు. చీర కొంగులో పత్తి కట్టుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, "తలనొప్పి తగ్గాక అన్నం తిను" అని వెళ్లిపోయింది.

ఆ రోజు బస్సు పాటా, నాన్న సైకిలు పాటా ఒకదాని వెనక ఒకటి ఏ తప్పూ లేకుండా వచ్చాయి. సంతోషంతో కాసేపు పత్తిలో వెల్లకిలా పడుకున్నాను. అమ్మ మధ్యాహ్నం దాటాక వచ్చింది. చేతిలో పుస్తకం లేదు.

"పుస్తకం ఏదమ్మా?"

"ఇచ్చేశాలే. కళ్లు ఆనడం లేదు. ఎవరికన్నా ఉపయోగపడుద్ది."

చూడకుండా పాడే మనిషికి కళ్లు ఆనకపోతే ఏమిటని నాకు తట్టలేదు. నా ధ్యాసంతా ఫోనులో ఉన్న రెండు పాటల మీద ఉంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి అమ్మ చర్చిలో పాడటం మానేసింది. అందరితో పాటు లేచి నిలబడేది, నోరు మాత్రం తెరిచేది కాదు. ముందు బెంచీ ఆవిడ వెనక్కి తిరిగి చూసేది. చేలో కూడా పాడటం లేదని తమ్ముడు చెప్పాడు. మిరపఘాటుకి దగ్గు పట్టుకుందనీ, తగ్గితే తనే పాడుతుందనీ వాడి లెక్క. నా లెక్క వేరు. అలిగిందనుకున్నాను. నేను ఆవిడ మాట వినలేదు కాబట్టి ఆవిడ నాకు తన పాట వినిపించడం లేదనుకున్నాను. సరే, ఎన్నాళ్లు ఉంటావో ఉండు అనుకున్నాను. పంతంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

ఆల్బంలో ఆఖరి పాట మిగిలింది. అది అమ్మ మీద రాసింది. మిరపకోతల కాలంలో అమ్మ పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చేది. చేతులు మజ్జిగతో కడిగి, కొబ్బరినూనె రాసుకున్నా మంట పోయేది కాదు. ఆ చేతులు మా కళ్లకి తగిలితే ఇక రాత్రంతా ఏడుపే. అందుకని మేము ఎదురు పరిగెత్తుకొస్తే అమ్మ చేతులు రెండూ తల పైకి ఎత్తేసేది, పోలీసుని చూసిన దొంగలాగ. "ముట్టుకోబాక, ముట్టుకోబాక" అంటూ అలాగే నిలబడేది. మేము నడుం పట్టుకుని వేలాడేవాళ్లం. ఆవిడ మాత్రం మమ్మల్ని పట్టుకునేది కాదు. కోతలు మొదలయ్యాక అయిపోయేదాకా అమ్మ మమ్మల్ని ముట్టుకునేది కాదు. ఆ పాట పల్లవి ఇదీ:

ముట్టుకోకమ్మా, కాసేపు ముట్టుకోకు
మంట నా చేతుల్లో ఉంది, నీ కళ్లల్లోకి రానీకు

ఈ పాట ఎన్నిసార్లు మొదలుపెట్టినా రెండో చరణం దాటలేక ఫోను ఆపేసేదాన్ని. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో లారీ టైరు గుర్తులున్నాయి. మధ్య గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పత్తి లేదు.

"బేరం కుదిరిందక్కా," అన్నాడు తమ్ముడు. "రేపు ఈ ధర ఉంటదో ఉండదో. నీ పాట కోసం ఆపమంటే నేనేం చెప్పను వాళ్లకి?"

పత్తి వాడిది, కష్టం వాడిది. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. గోడలన్నీ తిరిగి కొట్టాయి. రోడ్డు మీద లారీ ఇంట్లోకి వచ్చేసినట్టు మోగింది. మూలల్లో మిగిలిన నాలుగు పీచులు పోగు చేసి, వాటి పక్కనే కూర్చున్నాను. మిగతా పాటలన్నీ ఒకే రకంగా వినపడుతూ, అమ్మ మీద రాసింది మాత్రం బావిలోంచి పాడినట్టు ఉండడం నాకు ఇష్టం లేదు. దీన్ని వదిలేసి మిగతావి నెట్‌లో పెట్టేద్దామనుకున్నాను. అలా అనుకోగానే ఏడుపొచ్చింది.

అమ్మ అప్పుడే కోత నుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి గదినీ నన్నూ చూసింది. కాళ్లు కడుక్కుని, పెట్టె మీద మడతపెట్టి ఉన్న బొంతలు ఒక్కొక్కటీ మోసుకొచ్చింది. అవి పాత చీరలతో అమ్మ కుట్టినవి. దోమతెర కోసం కొట్టిన మేకులకి తాళ్లు కట్టి, ఒక్కో గోడకి రెండేసి వేసింది. కిటికీకి పరుపు ఆనించింది. కింద దుప్పట్లు పరిచింది. నేను లేచి సాయం చేయబోతే, "మిరపకాయ అంటింది, నా చేతుల దగ్గరికి రాబాక" అంది. అన్నీ అయ్యాక గుమ్మం ఒక్కటి మిగిలింది. అక్కడ మేకు లేదు, తలుపుకి గొళ్లెం పడదు. అమ్మ మిగిలిన బొంత తీసుకుని, గుమ్మంలో లోపలివైపు నిలబడి, చేతులు రెండూ పైకెత్తి, దాన్ని తల మీదుగా పట్టుకుంది. మొహం బొంత వైపు, వీపు నా వైపు.

"నేను పాడేది దేవుడి పాట కాదమ్మా," అన్నాను.

"తెలుసులే. పాడు. చేతులు లాగుతున్నయ్యి."

ఆవిడకి తెలుసు. పత్తి కావాలనీ, ఎందుకు కావాలనీ, ఈ పాట మిగిలిపోయిందనీ అన్నీ తెలుసు. గుమ్మం బయట కూర్చుని చీర కుట్టుకుంటూ అన్నీ కనిపెట్టింది. నాకు అప్పుడు ఆశ్చర్యపడే తీరిక లేదు. ఆవిడ చేతులు దించకముందే పాడాలి.

మొదటిసారి లారీ హారను పడింది. రెండోసారి నేనే చరణం తప్పాను. అమ్మ ఒకసారి కాలు మార్చుకుంది, చేతులు మాత్రం దించలేదు. మూడోసారి ఆగకుండా పాడాను. ఎదురుగా అమ్మ చేతులు పైకెత్తి నిలబడి ఉంది, నా పాటలో ఎలా నిలబడి ఉందో అలాగే. ఆఖరి పల్లవి అయ్యాక గిటారు మోగడం ఆగేదాకా ఉండి, ఫోను ఆపేసి, వెనక నుంచి వెళ్లి నడుం పట్టుకున్నాను.

"వదులు, బొంత జారిపోద్ది," అంది.

"అయిపోయిందమ్మా. ఇక దించెయ్."

అమ్మ బొంత దించింది. చేతులు అలాగే దూరంగా పెట్టుకుని నా వైపు తిరిగింది. "నేను నిన్ను అసలు ఎత్తుకోలేదా చిన్నప్పుడు?" అని అడిగింది.

"కోతలప్పుడే కదమ్మా నేనన్నది."

"కోతలే గదా ఎప్పుడూ," అంది అమ్మ. ఆ చేతుల వంక చూసుకుంటూ మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్లింది.

పాట బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. వింది, నాకు అది చాలు. ఆల్బం మొత్తం సరిచేసి, వేసవి సెలవుల్లో అమ్మని కూర్చోబెట్టి మొదటి నుంచి వినిపిద్దామనుకున్నాను. సెలవులు ఇంకా ఇవ్వలేదు. అమ్మ కల్లంలో మిరపకాయలు ఎండబోస్తూ, గుండెలో నొప్పిగా ఉందని నీడకి వెళ్లి కూర్చుంది. తమ్ముడు నీళ్లు తెచ్చేసరికి ఒరిగిపోయి ఉంది. నేను బళ్లో ఉన్నాను. ఫోను వచ్చినప్పుడు పిల్లలు గుణింతాలు చదువుతున్నారు. వాళ్లు చదువుతూనే ఉన్నారు, నేను బయటికి వచ్చేశాను.

మూడో రోజు మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. చనిపోయినవారి ఇంట్లో అందరూ చేరి, పాటలు పాడి, ప్రార్థన చేసి, ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పే కూడిక అది. షామియానా కింద అమ్మకి ఇష్టమైన పాటలన్నీ పాడారు. పల్లవి వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక చోట ఖాళీ వినపడింది. నాకే కాదు, అందరికీ వినపడిందని వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. నన్ను పాడమన్నారు. పాడాను. ఎలా పాడానో గుర్తు లేదు.

అందరూ భోజనాలకి లేచాక పాస్టరు గారి భార్య, పాస్టరమ్మ గారు, నా పక్కన వచ్చి కూర్చున్నారు. సంచీలోంచి అమ్మ పాటల పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టారు.

"వేలానికి పెట్టలేదమ్మా. నేనే పక్కన పెట్టా," అన్నారు.

"కళ్లు ఆనడం లేదని ఇచ్చిందండి," అన్నాను.

ఆవిడ భోజనాల వైపు ఒకసారి చూశారు. తర్వాత చెప్పారు. "ఎవరికీ చెప్పొద్దంది. ఇప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కోత పండగ రోజు పొద్దున్నే మా ఇంటికొచ్చింది మీ అమ్మ. మొక్కు మార్చుకోవచ్చా అండీ అని అయ్యగారిని అడిగింది. దేవుడు అట్టా బేరాలు ఆడడమ్మా, నీ బిడ్డని ఏమీ చెయ్యడు, భయపడొద్దు అన్నారు ఆయన. ఆయన ఆడడు లెండి, ఆడింది నేను గదా, నేనే తీర్చుకోవాలంది. పిల్లది దాని పాటలు అది పాడుకోవాలండి, దాని గొంతు దానికి ఇడిసిపెట్టమని అడుగుతున్నా, బదులు నా గొంతు తీసుకోమన్నా, ఇక నేను పాడను అంది. ఈ పుస్తకం కానుకల్లో పెట్టి ఎల్లిపోయింది. మేము ఎంత చెప్పినా వినలా."

ఆవిడ ఇంకా ఏదో చెబుతున్నారు. నాకు వినపడలేదు. నేను తలనొప్పి అని చెప్పి పత్తి మీద కూర్చుని పాడుతున్న పూట, వీధి చివర అమ్మ తన గొంతు ఇచ్చేసి వచ్చింది. వచ్చి నాకు అన్నం పెట్టింది. అలిగిందనుకున్న అన్నాళ్లూ ఆవిడ మాట నిలబెట్టుకుంటోంది. చర్చిలో, చేలో, ఆటోలో, పక్కనవాళ్లు పాడుతుంటే నోరు కట్టేసుకుని నిలబడింది. అడగకుండా నా గొంతు ఇచ్చేసింది, అడగకుండానే విడిపించుకొచ్చింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరడిగారు నిన్ను, నాకు చెబితే మానేసేదాన్ని కదా అని అరవాలనిపించింది. మానేసేదాన్ననే చెప్పలేదని అంతలోనే అర్థమైంది. పాస్టరమ్మ గారి భుజం మీద తల పెట్టుకుని, ఆ మూడు రోజుల్లో ఏడవనిదంతా ఏడ్చాను.

ఆల్బం ముట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. వానలు మొదలయ్యాక, చేలల్లో మళ్లీ పత్తి గింజలు పెడుతున్నప్పుడు, ఫోను తీసి ఆఖరి పాట పెట్టుకుని విన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆ రోజు వినపడనివి వినపడతాయి. మొదటి చరణం అయింది. పల్లవికి ముందు, నా గిటారు వెనక, ఎవరో పెద్దగా ఊపిరి లాగారు. మూడు బెంచీల వెనక్కి వినపడే ఊపిరి అది. దాని వెనక గొంతు రాలేదు. నా గొంతు ఒక్కటే పల్లవి పాడింది. రెండో చరణం తర్వాత మళ్లీ అదే. ఆఖర్న మళ్లీ అదే. ముందు చెడిపోయిన రెండుసార్లూ ఆ పల్లవి అప్పటికే విని ఉంది. ఒకసారి విన్న పాటకి కలవకుండా ఉండలేని మనిషి, తన మీద కట్టిన పాటకి, తన నోటి మాటలతోనే కట్టిన పల్లవికి, ప్రతిసారీ ఊపిరి తీసుకుని, ప్రతిసారీ మొక్కు గుర్తొచ్చి, లోపలే ఆపేసుకుంది.

ఆల్బం నెట్‌లో పెట్టాను. పెద్దగా ఎవరూ వినలేదు. విన్న కొద్దిమందిలో ఒకతను రాశాడు, చివరి పాటలో వెనక నుంచి ఎవరిదో ఊపిరి చప్పుడు వస్తోంది, అది తీసేస్తే పాట శుభ్రంగా ఉంటుంది అని. సలహా మంచిదే. తీయడం కూడా నాకు వచ్చు. తీయనని మాత్రం జవాబు రాశాను.

తమ్ముడికి ఆ ఊపిరి సంగతి నేను చెప్పలేదు, వినమని ఫోను ఇచ్చాను. మధ్య గదిలో, ఉత్త నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని విన్నాడు. మొదటి పల్లవి దగ్గర చటుక్కున తలెత్తాడు. "అమ్మ ఎత్తుకుంటందక్కా," అన్నాడు.

"లేదురా," అన్నాను. "ఊపిరి తీసుకున్నంత వరకే."

వాడు సరేనని తల ఊపి మళ్లీ విన్నాడు. రెండోసారి ఆ ఊపిరి రాగానే కళ్లు మూసుకుని ఆగాడు. మూడోసారి కూడా ఆగాడు. పాట అయిపోయాక కూడా, ఇంకా గొంతు వస్తుందేమోనని ఇయర్‌ఫోన్లు తీయకుండా అలాగే కూర్చున్నాడు.